పన్నెండు పోర్టుల డాక్, ఒక్కటే తూము

లాప్‌టాప్‌కు ఒక్క కేబుల్‌తో మానిటర్లు, కీబోర్డు, నెట్ అన్నీ తగిలించే డాక్ ఇది. పెట్టె మీద '12 ఇన్ 1, ట్రిపుల్ డిస్‌ప్లే, 4కే' అని పెద్దక్షరాలు. లోపల అరచేతి కంటే కొంచెం పొడుగున్న అల్యూమినియం పట్టీ, దానికి జానెడు టైప్-సీ కేబుల్. రెండు హెచ్‌డీఎమ్‌ఐ, పాత మానిటర్ల కోసం ఒక వీజీఏ, నెట్ కేబుల్‌కు ఒక లాన్, రెండు యూఎస్‌బీ 3, రెండు యూఎస్‌బీ 2, ఎస్‌డీ, మైక్రో ఎస్‌డీ, హెడ్‌ఫోన్, చార్జర్ గుచ్చుకునే టైప్-సీ. లెక్క పెడితే పన్నెండుకు పన్నెండూ ఉన్నాయి. అడాప్టర్ మాత్రం పెట్టెలో రాదు, లాప్‌టాప్‌ది వాడుకోవాల్సిందే. ఇదే తరహా సరుకు ఆన్‌లైన్‌లో ఎన్నో పేర్లతో అమ్ముతున్నారు కాబట్టి ఏ కంపెనీది అన్నది ఇక్కడ పక్కన పెడదాం.

నల్లగొండలో జీఎస్‌టీ రిటర్నులు వేసే ఆఫీసైనా, పాలమూరులో ఇంటి నుంచి పని చేసే ఉద్యోగి టేబులైనా, అవసరం రెండు ఫుల్ హెచ్‌డీ మానిటర్లు, కీబోర్డు, మౌస్, నెట్ కేబుల్ వరకే అయితే ఈ డాక్ పెట్టిన పైసలకు న్యాయం చేస్తుంది. మూడో మానిటర్ పెడతాం, 4కే పెడతాం, టాలీ డేటా ఎక్స్‌టర్నల్ డిస్క్ మీదే నడిపిస్తాం అంటే ఇది ఆ పనికి నమ్ముకోదగ్గది కాదు.

ఎందుకంటారా? చెరువు ఎంత నిండినా కాలువలోకి వచ్చేది తూము పారించినంతే. ఇక్కడ తూము ఆ జానెడు టైప్-సీ కేబుల్. ఆ కేబుల్లో వేగంగా డేటా మోసే తీగల జతలు నాలుగు. డాక్‌లో యూఎస్‌బీ 3 పని చేయాలంటే రెండు జతలు దానికి పోతాయి, బొమ్మకు మిగిలేది రెండే. లాప్‌టాప్ డిస్‌ప్లేపోర్ట్ (తెరకు బొమ్మ పంపే పద్ధతి) 1.2 వెర్షన్ ఇచ్చేదైతే ఆ రెండు జతల్లో సెకనుకు 8.64 గిగాబిట్ల బొమ్మ పారుతుంది. 1.4 ఇచ్చేదైతే 12.96. 60 హెర్ట్జ్ దగ్గర, అంటే తెర సెకనుకు 60 సార్లు బొమ్మ మార్చుకుంటే, ఫుల్ హెచ్‌డీ మానిటర్ ఒక్కోటి సుమారు మూడున్నర గిగాబిట్లు తాగుతుంది. 1440 గీతల మానిటర్ దాదాపు 6, 4కే దాదాపు 13 తాగుతాయి.

ఇక కూడికలే. పాత 1.2 లాప్‌టాప్‌కు రెండు ఫుల్ హెచ్‌డీలు పెడితే 7, హాయిగా సరిపోతుంది. మూడోది పెడితే పదిన్నర, పట్టదు. అప్పుడు మూడో మానిటర్ నల్లగా ఉండిపోతుంది, లేదా విండోస్ ఏదో ఒక మానిటర్ రిజల్యూషన్ తగ్గించుకుంటుంది. ఒక ఫుల్ హెచ్‌డీ, ఒక 1440 కూడా 9 దాటుతాయి కాబట్టి కుదరదు. 1.4 ఉన్న లాప్‌టాప్‌కు మూడు ఫుల్ హెచ్‌డీలు పడతాయి, ఒక్క 4కే 60 హెర్ట్జ్ అంచుల దాకా నిండి పడుతుంది. పెట్టె మీది '4కే' పక్కన చిన్నక్షరాల్లో '30 హెర్ట్జ్' అని ఉందేమో వెతకండి. 30 హెర్ట్జ్‌లో మౌస్ బాణం ఈడ్చుకుంటూ కదులుతుంది, ఎక్సెల్ షీటు కిందికి లాగితే అక్షరాలు తడబడతాయి. రోజుకు ఎనిమిది గంటలు చూసే తెరకు అది పనికిరాదు. ఏ వేగం నడుస్తోందో తెలియాలంటే విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే వరకు పోయి మానిటర్లు ఒక్కొక్కటిగా ఎంచుకుని రిఫ్రెష్ రేట్ చూడాలి.

డాక్ కొనకముందే లాప్‌టాప్ టైప్-సీ రంధ్రం సంగతి తేల్చుకోవాలి. తక్కువ ధర లాప్‌టాప్‌లలో చాలావాటికి ఆ రంధ్రం డేటాకు మాత్రమే, బొమ్మ రాదు. పక్కన మెరుపు గుర్తు ఉంటే థండర్‌బోల్ట్ (బొమ్మ, డేటా రెండూ ఎక్కువ వేగంతో మోసే రకం), 'డీ' ఆకారంలో 'పీ' చుట్టుకున్న గుర్తు ఉంటే డిస్‌ప్లేపోర్ట్, బ్యాటరీ గుర్తు ఉంటే చార్జింగ్. ఏ గుర్తూ లేకపోతే కంపెనీ సైట్‌లో మోడల్ నంబరు కొట్టి, టైప్-సీ వరసలో 'డిస్‌ప్లేపోర్ట్' అన్న మాట ఉందో లేదో చూడండి. ఆ మాట లేకపోతే డాక్‌కు కీబోర్డు, నెట్ నడుస్తాయి, మానిటర్లు మాత్రం వెలగవు. దుకాణదారు 'టైప్-సీనే కదా సార్, అన్నీ ఒకటే' అంటే నమ్మకండి.

మ్యాక్‌బుక్ వాళ్లకు ఇంకో మడత పేచీ ఉంది. ఈ డాక్ ఒక్క డిస్‌ప్లేపోర్ట్ ధారను ఎమ్‌ఎస్‌టీ అనే పద్ధతిలో రెండు మూడుగా చీలుస్తుంది. విండోస్ దాన్ని ఒప్పుకుంటుంది, మ్యాక్ ఓఎస్ ఒప్పుకోదు. మ్యాక్‌కు తగిలిస్తే రెండు హెచ్‌డీఎమ్‌ఐల్లోనూ ఒకే బొమ్మ. దానికి తోడు ఎమ్1, ఎమ్2 చిప్‌ల మ్యాక్‌బుక్ ఎయిర్‌లు బయటి మానిటర్ ఒక్కదాన్నే నడుపుతాయి. ఎమ్3 ఎయిర్ మూత మూస్తే రెండు, ఎమ్4 ఎయిర్ మూత తెరిచే రెండు. పాత ఎయిర్‌కు రెండు కావాలంటే డిస్‌ప్లేలింక్ చిప్ ఉన్న డాక్ తీసుకోవాలి. అది బొమ్మను కుదించి మామూలు యూఎస్‌బీ డేటాగా పంపిస్తుంది. డ్రైవర్ వేయాలి, మ్యాక్‌లో స్క్రీన్ రికార్డింగ్ అనుమతి ఇవ్వాలి, ప్రాసెసర్ మీద కొంత బరువు పడుతుంది, కాపీ రక్షణ ఉన్న సినిమాలు ఆ తెర మీద నల్లగా కనిపిస్తాయి. లెక్కల పనికి ఇవేవీ అడ్డు కావు. టైప్-సీలో బొమ్మ రాని విండోస్ లాప్‌టాప్‌కు కూడా ఇదే దారి.

విండోస్‌లోనూ ఒక గీత ఉంది. పదో తరం ప్రాసెసర్ల వరకు ఇంటెల్ సొంత గ్రాఫిక్స్ మొత్తం మూడు తెరలే నడుపుతుంది, లాప్‌టాప్ తెరతో కలిపి. బయట మూడు వెలగాలంటే లోపలిది ఆపాలి. కంట్రోల్ ప్యానెల్ పవర్ ఆప్షన్స్‌లో మూత మూసినప్పుడు ఏం చేయాలన్న చోట 'ప్లగ్డ్ ఇన్' కింద 'డు నథింగ్' పెట్టి మూత మూసేయాలి. పదకొండో తరం నుంచి నాలుగు తెరలు నడుస్తాయి.

బిగించే వరస ఇది. ముందు చార్జర్ డాక్‌కు, తరువాత మానిటర్ కేబుళ్లు, మానిటర్లు ఆన్ చేసి చివరగా టైప్-సీని లాప్‌టాప్‌కు గుచ్చాలి. పది సెకన్లు ఆగి విండోస్ బటన్, 'పీ' కలిపి నొక్కి 'ఎక్స్‌టెండ్' ఎంచుకోవాలి. బొమ్మ రాకపోతే చార్జర్‌తో సహా అన్నీ పీకి అర నిమిషం ఆగి మళ్లీ అదే వరసలో గుచ్చండి, చాలాసార్లు అక్కడే సరవుతుంది. అయినా రాకపోతే టైప్-సీ పిన్నును తిప్పి పెట్టి చూడండి. ఒక వైపు వచ్చి ఇంకో వైపు రాకపోతే రంధ్రంలోనో కేబుల్లోనో కొన్ని పిన్నులు పోయినట్టే. మానిటర్‌కు డిస్‌ప్లేపోర్ట్ మాత్రమే ఉంటే ఇక్కడ ఇంకో దెబ్బ తగులుతుంది: బజారులో దొరికే మామూలు డిస్‌ప్లేపోర్ట్-హెచ్‌డీఎమ్‌ఐ కేబుల్ ఒక్క దిక్కే పని చేస్తుంది. డాక్ వైపు హెచ్‌డీఎమ్‌ఐ పెట్టి మానిటర్ వైపు డిస్‌ప్లేపోర్ట్ పెడితే బొమ్మ రాదు.

ఇక కరెంటు. ఈ జిల్లాల్లో డాక్‌కు అసలు పరీక్ష ఇదే. చార్జర్ డాక్‌కు గుచ్చి ఉంది, రెండు తెరలు వెలుగుతున్నాయి, పెన్‌డ్రైవ్‌లోకి ఫైలు పోతోంది. ఠక్కున కరెంటు పోయింది. అంతవరకు చార్జర్ నుంచి లాప్‌టాప్‌కు పోయిన కరెంటు ఇప్పుడు లాప్‌టాప్ బ్యాటరీ నుంచి డాక్‌కు తిరగబడాలి. ఆ మలుపులో డాక్ ఒక్క క్షణం చచ్చి బతుకుతుంది. డిస్క్ బయటికి లాగేసినప్పటి 'డుడుంగ్' శబ్దం, వెంటనే మళ్లీ గుచ్చిన శబ్దం వినిపిస్తాయి. తెరల మీది కిటికీలన్నీ లాప్‌టాప్ తెర మీదికి వచ్చి పడతాయి. పెన్‌డ్రైవ్‌లో ఫైలు సగంలో తెగుతుంది. డిజిటల్ సంతకం టోకెన్ అదే డాక్‌లో ఉంటే సంతకం మళ్లీ మొదటికి. కరెంటు తిరిగి వచ్చినప్పుడు ఇదే తంతు ఇంకోసారి. ఈ మలుపు తెగకుండా సాగడానికి టైప్-సీ ప్రమాణాల్లోనే ఫాస్ట్ రోల్ స్వాప్ అనే పద్ధతి ఉంది. దానికి డాక్, లాప్‌టాప్ రెండూ ఒప్పుకోవాలి, ఈ ధరలో దాన్ని ఆశించకండి.

మందు ఏమిటంటే, చార్జర్‌నూ మానిటర్లనూ ఇన్వర్టర్ లైను మీదికి తేవాలి. ఇన్వర్టర్ వెనక 'యూపీఎస్', 'ఎకో' అని చిన్న స్విచ్ ఉంటే 'యూపీఎస్' వైపు పెట్టాలి. ఎకోలో మార్పిడి ఆలస్యంగా జరుగుతుంది, మానిటర్లు ఆరి వెలుగుతాయి. టాలీ డేటా ఫోల్డర్ మాత్రం లాప్‌టాప్ సొంత డిస్క్‌లోనే ఉంచి, బయటి డిస్క్‌ను సాయంత్రం బ్యాకప్‌కు మాత్రమే పెట్టుకోవాలి.

డాక్ అంచు మీద '100 వాట్ల పీడీ' (పవర్ డెలివరీ, అంటే టైప్-సీ చార్జింగ్) అని చెక్కి ఉంటుంది. అది డాక్ లోపలికి తీసుకోగల గరిష్ఠం, లాప్‌టాప్‌కు చేరేది కాదు. డాక్ తన ఖర్చుకు పది, పదిహేను వాట్లు పట్టుకుంటుంది. 65 వాట్ల చార్జర్ పెడితే లాప్‌టాప్‌కు 50 అటు ఇటుగా చేరుతుంది. మామూలు ఆఫీసు లాప్‌టాప్‌కు అది చాలు, బరువు పని పడితే 'స్లో చార్జర్' అన్న హెచ్చరిక వస్తుంది. 60 వాట్లు దాటాలంటే చార్జర్ కేబుల్ 5 ఆంపియర్లది అయి ఉండాలి, 3 ఆంపియర్ల కేబుల్ ఎంత పెద్ద చార్జర్‌కు పెట్టినా 60 దగ్గరే ఆగుతుంది. ఇక చార్జరే లేకుండా డాక్ నడిపిస్తే అన్ని రంధ్రాలకూ కలిపి లాప్‌టాప్ ఇచ్చేదే దిక్కు. దాని మీద తిరిగే హార్డ్‌డిస్క్ పెడితే టిక్, టిక్ మంటూ లేవబోయి పడిపోతుంది. డిస్క్ పాడైందని భయపడి ఫార్మాట్ కొట్టకండి, ముందు చార్జర్ గుచ్చండి.

లోహపు ఒళ్లు తాకితే జిల్లుమంటే అది డాక్ తప్పు కాకపోవచ్చు. రెండు పిన్నుల చార్జర్, ఎర్త్ లేని బోర్డు కలిస్తే కొద్దిపాటి లీకేజీ ఒంటి మీదికి వస్తుంది. మూడు పిన్నుల చార్జర్ ఉంటే అదే పెట్టి, మానిటర్లు, చార్జర్ అన్నీ ఎర్త్ ఉన్న ఒకే బోర్డు మీద నడపాలి. ఎర్త్ గుంత ఎండిపోయి ఉంటే ఎండాకాలం రాకముందే నీళ్లు పోయించాలి. ఎర్త్ వదులుగా ఉన్న ఇంట్లో హెచ్‌డీఎమ్‌ఐని కరెంటు ఉండగా గుచ్చి పీకడం డాక్ రంధ్రాన్ని కాల్చుకోవడమే.

పరికరాల సంగతి త్వరగా. వేలిముద్ర యంత్రం, సంతకం టోకెన్, ప్రింటర్, కీబోర్డు యూఎస్‌బీ 2 రంధ్రాలకు చాలు. రంధ్రాలు రెండే కాబట్టి ఒకటి రెండు లాప్‌టాప్‌కే పెట్టాలి, టోకెన్ అయితే తప్పకుండా లాప్‌టాప్‌కే. వైర్‌లెస్ మౌస్ చిన్న రిసీవర్‌ను యూఎస్‌బీ 3 పక్కన పెట్టకూడదు. యూఎస్‌బీ 3 రొద 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే ఉంటుంది, మౌస్ ఆగి ఆగి దూకుతుంది. వీజీఏ పాత మానిటర్‌కు ఫుల్ హెచ్‌డీ వరకు బాగానే ఇస్తుంది, కానీ అక్షరాల అంచులు కాస్త అలుక్కున్నట్టు ఉంటాయి.

లాన్ గిగాబిట్ వేగం ఇస్తుంది. రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. నెట్‌వర్క్‌కు ఇప్పుడు కనిపించే మ్యాక్ అడ్రస్ (పరికరాన్ని గుర్తుపట్టే నంబరు, మ్యాక్‌బుక్‌తో సంబంధం లేదు) లాప్‌టాప్‌ది కాదు, డాక్‌ది. ఆఫీసు వాళ్లు లాప్‌టాప్ అడ్రస్ నమోదు చేసి ఉంటే డాక్‌తో లోపలికి రానివ్వరు, కొత్త అడ్రస్ ఇవ్వాల్సిందే. రెండోది విచిత్రం: లాప్‌టాప్ నిద్రపోయినప్పుడో, తీసేసినప్పుడో కొన్ని డాక్‌ల లాన్ చిప్ రౌటర్ మీదికి 'ఆగు, ఆగు' అనే సంకేతాలు ఆగకుండా వదులుతుంది, ఇల్లంతా నెట్ స్తంభిస్తుంది. రౌటర్‌ను తిట్టుకునే ముందు డాక్ నుంచి నెట్ కేబుల్ పీకి చూడండి. చిప్ కంపెనీ కొత్త డ్రైవర్ వేసుకోవడం మంచిది.

వేడి. ఏప్రిల్, మే నెలల్లో గది లోపలే 40 డిగ్రీలకు దగ్గర పడే ఊళ్లు ఇవి. అల్యూమినియం ఒళ్లు వేడిని బయటికి పంపడానికే, కాబట్టి ముట్టుకుంటే కాలినట్టు అనిపించడం మామూలే. లాప్‌టాప్ కింద దూర్చడం, ఫైళ్ల కట్ట మీద పెట్టడం మాత్రం మానాలి. మధ్యాహ్నం రెండు గంటలకు ఒక మానిటర్ ఉన్నట్టుండి ఆరి వెలుగుతుంటే ముందు అనుమానించాల్సింది వేడినే. డాక్‌ను నిలువుగా గోడకు ఆనించి, ఫ్యాను గాలి తగిలేలా పెట్టండి.

ఇంకొంచెం పైసలు పెట్టగలిగితే సొంత అడాప్టర్ ఉన్న డాక్ వేరే లోకం. ఉదాహరణకు డెల్ డబ్ల్యూడీ19ఎస్. 130 వాట్ల అడాప్టర్‌తో లాప్‌టాప్‌కు 90 వాట్లు చేరుతుంది. రీఫర్బిష్డ్‌లో, అంటే వాడి బాగుచేసినది తీసుకుంటే అడాప్టర్ ఒరిజినల్‌దో కాదో చూసుకోవాలి. కేబుల్ డాక్‌లో నుంచే వస్తుంది కాబట్టి దాని మొదలు దగ్గర వంగి చీలిందేమో కూడా చూడాలి. కరెంటు పోతే ఇది పూర్తిగా ఆరిపోతుంది, ఇన్వర్టర్ లైను మీద ఉండి తీరాలి. అది కూడా ఒక్క తూముతో నడిచేదే, పైన చెప్పిన కూడికలు దానికీ చాలావరకు వర్తిస్తాయి. ఆ లెక్క దాటడానికి నమ్మకమైన దారి థండర్‌బోల్ట్ డాక్, థండర్‌బోల్ట్ ఉన్న లాప్‌టాప్ రెండూ తీసుకోవడం. అప్పుడు రెండు 4కేలు 60 హెర్ట్జ్‌లో నిలబడతాయి.

ఆన్‌లైన్‌లో తెప్పిస్తే వచ్చిన రోజే అన్ని రంధ్రాలూ ఒకేసారి నింపి చూడాలి. రెండు మానిటర్లు, నెట్, చార్జర్, ఒక డిస్క్ పెట్టి రెండు గంటలు వదిలేయండి. ఆ మధ్యలో చార్జర్ స్విచ్ ఒకసారి ఆపి మళ్లీ వేయండి. మానిటర్లు పది సెకన్లలో తిరిగి రాకపోయినా, డిస్క్ మళ్లీ కనిపించకపోయినా రిటర్న్ గడువులోనే వాపస్ పంపాలి. దుకాణంలో కొంటే జీఎస్‌టీ బిల్లు మీద మోడల్, సీరియల్ నంబర్లు రాయించుకోండి. వారంటీ కోసం సికింద్రాబాద్ దాకా పోవాల్సి వస్తే రానూపోనూ 200 కిలోమీటర్లు, అంత దూరం పోయాక 'మా నంబరు కాదిది' అనిపించుకోవద్దు.