ఆటోఫోకస్ పోయిన 50 ఎంఎం లెన్సుతో ఇన్నాళ్లు

50 ఎంఎం ప్రైమ్ లెన్సు మీద సమీక్షలకు కొదవలేదు కాబట్టి బరువు, ధర, జూమ్ లేకపోవడం లాంటివన్నీ వదిలేస్తున్నాను. నేను చెప్పాలనుకున్నది దాని ఫోకస్ రింగు గురించే, అంటే ఎంత దూరంలోది స్పష్టంగా కనబడాలో చేత్తో తిప్పి సరిచేసే రింగు. చుట్టూ జరిగే మామూలు జీవితాన్ని నిదానంగా చూడటం కోసమే నేను ఫోటోలు తీస్తాను. ఆ పనికి నా సామానంతటిలో నాకు ఎక్కువ ఇష్టమైనది ఆ సన్నటి రింగు.

కొత్తలో దాన్ని ముట్టుకున్నదే లేదు. ఆటోఫోకస్ ఉండగా చేత్తో తిప్పాల్సిన అవసరమేముంది? వారంటీ ముగిశాక ఒకరోజు లోపలి మోటారు గరగరమని ఆగిపోయింది. సర్వీసు వాళ్లు అడిగిన డబ్బుకు ఇంకాస్త కలిపితే కొత్త లెన్సే వస్తుంది. ఒళ్లు మండిపోయింది, ఆ కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. అదృష్టం ఏమిటంటే, ఈ లెన్సులో రింగు తిప్పితే లోపలి అద్దాలు నేరుగా కదులుతాయి. చాలా కొత్త లెన్సుల్లో రింగు మోటారుకు సంకేతం పంపుతుందంతే, మోటారు పోతే చేత్తో ఫోకస్ చేయడమూ పోయినట్టే. కొనేముందు ఈ సంగతి తప్పకుండా కనుక్కోండి.

అలా లెన్సు మీది స్విచ్‌ని ఎంఎఫ్ వైపు, అంటే చేత్తో ఫోకస్ చేసే వైపు జరిపాను. ఫుల్ ఫ్రేమ్ (35 ఎంఎం ఫిల్మంత సెన్సారు ఉన్న) కెమెరాలో, లెన్సు రంధ్రం పూర్తిగా తెరిచే ఎఫ్/1.8 దగ్గర, మీటరు దూరంలో ఉన్న వస్తువుకు స్పష్టంగా కనిపించే మందం దాదాపు 4 సెంటీమీటర్లే. రింగు తిప్పుతుంటే ఆ పలచటి పొర దగ్గర్నుంచి దూరానికి మెల్లగా జరుగుతుంది. కిటికీలో పెట్టిన నీళ్ల గ్లాసును చూస్తున్నాననుకోండి. ముందు గ్లాసు అంచు తేలుతుంది, తర్వాత నీళ్లలో గ్లాసు లోపలి గోడకు అంటుకున్న బుడగలు, ఆ వెనక కిటికీ అద్దం మీద ఎవరివో వేలిముద్రలు, చివరికి బయట తీగ మీద ఆరేసిన తువ్వాలు. ఆటోఫోకస్ ఉన్నప్పుడు అంచు దగ్గరే బీప్ మనేది, నేను నొక్కేసి వెళ్లిపోయేవాణ్ణి. ఆ వేలిముద్రలు అప్పుడూ అక్కడే ఉండి ఉంటాయి. ఇప్పుడు ఎక్కడ ఆగాలో నేనే తేల్చుకోవాలి, ఆ తేల్చుకునేలోపే చూడాల్సిందంతా కంటపడుతోంది. ఒక్కోసారి షట్టర్ నొక్కకుండానే కెమెరా దించేస్తాను. అప్పుడు కూడా ఏదో పోగొట్టుకున్నట్టు అనిపించదు.

ఇబ్బందులు లేకపోలేదు. ఫిల్మ్ రీలు వేసే పాత ఎస్ఎల్ఆర్ కెమెరా‌లలో చాలావాటికి, కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్ మధ్యలో రెండు సగాలుగా చీలిన వృత్తం ఉండేది. విరిగిన గీత కలిస్తే ఫోకస్ కుదిరినట్టు. నా డిజిటల్ కెమెరా అయిన డీఎస్ఎల్ఆర్‌లో అది లేదు. పైగా దీని వ్యూఫైండర్ ఎఫ్/1.8 దగ్గరి అసలు మసకను పూర్తిగా చూపించదు, కంటికి బాగున్నది ఫోటోలో తప్పుతుంది. ఫోకస్ కుదిరిందని చెప్పే పచ్చచుక్క కొంత ఆదుకుంటుంది. కదలని వస్తువులకైతే కెమెరా వెనక తెర మీద చూపే లైవ్ వ్యూలో 10 రెట్లు పెద్దది చేసి చూడటమే మేలు. కళ్లద్దాలున్నవాళ్లు ముందుగా వ్యూఫైండర్‌ను చూపుకు తగ్గట్టు మార్చే డయాప్టర్ చక్రం సరిచేసుకోండి.

వెనకంతా మసకబారడమే ఈ లెన్సు అందమని ఒకప్పుడు అందరికీ చెప్పేవాణ్ణి. ఇప్పుడు ఎక్కువగా, రంధ్రం చిన్నదయ్యే ఎఫ్/8 దగ్గరే ఉంటున్నాను. అదే మీటరు దూరంలో ఆ మందం సుమారు 18 సెంటీమీటర్లు అవుతుంది. కుర్చీ కాలు, వేలాడే వైరు, ఎవరో అక్కడ పెట్టి మరిచిన పెన్ను మసకలో కలిసిపోకూడదు, నేను చూడాలనుకునేవే అవి. 50 ఎంఎం అచ్చం కన్ను చూసినట్టే చూస్తుందన్న మాట కూడా నేనన్నదే. చిన్న గదిలో వెనక్కి జరిగి జరిగి వీపు గోడకు తగిలినప్పుడల్లా ఆ మాట మీద నమ్మకం తగ్గుతోంది.

నాకు ఉదయాలు తీరిక, నేను తీసేవి చాలావరకు కదలనివి. పరుగెత్తే పిల్లలో, పెంపుడు కుక్కో ఉన్న ఇంట్లో ఇదే పద్ధతి పట్టుకుంటే విసుగే మిగలొచ్చు. మోటారు బాగుచేయించమని మావాళ్లు అంటూనే ఉన్నారు, పుట్టినరోజులప్పుడు వాళ్ల మాటే సబబనిపిస్తుంది. ప్రస్తుతానికైతే ఇలాగే వాడుకుంటాను.