టార్క్ రెంచ్ కొనేవాళ్లకి హెచ్చరిక: టక్కుమన్నంత మాత్రాన లెక్క కుదిరినట్టు కాదు

పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం వైపు పంపులు, పవర్ వీడర్లు, గడ్డికోత మిషన్లు బాగుచేసేవాళ్లూ, సొంత ఇంజను సొంతంగా విప్పుకునే రైతులూ ఒకసారి ఇది చదవండి. బరంపురంలో ఒక పనిముట్ల కొట్లో 2 వేల లోపు ధరకి టార్క్ రెంచ్ తీసుకున్నాను. అంటే ఎంత బిగువు కావాలో పెట్టుకుంటే, బోల్టుకి అంత బిగువు రాగానే టక్కుమనే పానా. 10 నుంచి 60 న్యూటన్ మీటర్ల (బిగువుని కొలిచే లెక్క) స్కేలు, గట్టి ప్లాస్టిక్ పెట్టె, లోపల కాలిబ్రేషన్ సర్టిఫికెట్, అంటే కొలత సరిచూశామని చెప్పే ఒక కాగితం. "చిన్న ఇంజన్లకి అందరూ ఇదే పట్టుకెళ్తారు బాబూ, కళ్లు మూసుకుని వాడెయ్యి" అన్నాడు కొట్టాయన.

వంశధార నీళ్లు తోడుకునే రైతు ఒకాయన పంపు ఇంజనుకి హెడ్ గ్యాస్కెట్ (ఇంజను హెడ్‌కీ బ్లాకుకీ మధ్య ఉండే పొర) మార్చమని తెచ్చాడు. హోండా జీఎక్స్160, 163 సీసీ ఇంజను. దాని హెడ్ బోల్టులకి 24 న్యూటన్ మీటర్లు. ముందు సగం బిగువు, తర్వాత పూర్తి బిగువు, ఎదురెదురు బోల్టులు పట్టుకుంటూ వచ్చాను. మూడో బోల్టు దగ్గర బిగువు పెరుగుతూ పెరుగుతూ ఉన్నట్టుండి చేతికి మెత్తగా తగిలింది. రెంచ్ టక్కుమనలేదు. ఈ పనిలో ఉన్నవాళ్లకి ఆ మెత్తదనం ఏమిటో చెప్పక్కర్లేదు. బోల్టు వెనక్కి తిప్పి తీస్తే మర సందుల్లో తెల్లటి అల్యూమినియం తీగలా చుట్టుకుని వచ్చింది. బోల్టు ఉక్కుది, బ్లాకు అల్యూమినియంది. బిగువు మితిమీరితే పోయేది బ్లాకు మరే.

అనుమానం వచ్చి రెంచ్‌నే పరీక్ష పెట్టాను. మీరూ చేసుకోవచ్చు. చదరపు తలని వైస్‌లో పట్టించి, పిడి నేలకి సమాంతరంగా ఉంచి, తల మధ్య నుంచి 25 సెంటీమీటర్ల దగ్గర 10 కిలోల తూకపు రాయి తాడుతో వేలాడదీయండి. నా రెంచ్‌కి చెయ్యి పట్టే చోటు సరిగ్గా అక్కడికే వస్తుంది. 10 కిలోలంటే 98 న్యూటన్లు, పావు మీటరుతో గుణిస్తే 24.5. రెంచ్ సొంత బరువు ఇంకాస్త కలుస్తుంది. అంటే 24 మీద పెడితే ఆ రాయికే పలకాలి. పలకలేదు. ఇంకో 5 కిలోలు కట్టాక గానీ టక్కుమనలేదు, అంటే 36కి పైమాటే! టార్క్ రెంచ్‌లకి ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 6789లో ఈ సైజు రెంచ్‌కి ఒప్పుకునే తేడా అటూ ఇటూ 4 శాతం. 24 మీద ఒకటి కూడా కాదు.

ఫుట్ పౌండ్ల (బిగువుకి ఇంకో కొలత) స్కేలు చూసి పెట్టావేమో అని ఒకరిద్దరు అడిగారు. అలా పెట్టినా 24 ఫుట్ పౌండ్లంటే సుమారు 32.5 న్యూటన్ మీటర్లే, లెక్క అప్పుడూ కుదరదు. ఇక ఆ సర్టిఫికెట్ సంగతి. దాని మీద ఉన్న నంబరు రెంచ్ మీద ఎక్కడా లేదు. ఏ బిగువు దగ్గర ఎంత చూపించిందో కొలతలూ లేవు, ఒక ముద్ర తప్ప. అలాంటి కాగితం చిత్తుకాగితంతో సమానం.

ఇంకోటి. చాలా కొట్లలో అరంగుళం తలది, 28 నుంచి 210 న్యూటన్ మీటర్ల దాకా ఉన్న పెద్ద రెంచ్ అంటగడతారు. అది కారు చక్రాల నట్లకి బాగుంటుంది. మన హెడ్ బోల్టు 24, కనెక్టింగ్ రాడ్ బోల్టు 12. స్కేలు మొదలయ్యేదే వాటి పైన. ఈ ఇంజన్లో దానికి పని ఉంటే గింటే 75 పడే ఫ్లైవీల్ నట్టు దగ్గరే.

బ్లాకుకి హెలికాయిల్ (పోయిన మర చోట బిగించే తీగచుట్ట మర) వేయించి పంపు ఇచ్చేశాను, ఖర్చు నాదే. రెంచ్ వాపసు ఇవ్వబోతే కొట్టాయన బిల్లు మీద ముద్ర చూపించాడు: "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు". ఆ ముద్రకి బెదరకండి. లోపమున్న సరుకుని బిల్లులో రాసిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో వాపసు తీసుకోకపోతే 2019 వినియోగదారుల చట్టం దాన్ని అక్రమ వ్యాపార పద్ధతి కిందే చూస్తుంది. కేసు బరంపురంలోనే వెయ్యక్కర్లేదు, మనం ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వెయ్యొచ్చు. 5 లక్షల లోపు సరుక్కి ఫీజు లేదు. నేను ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను, ఇంకా తేలలేదు.

నల్ల పిడికి ఎర్ర గీత, ఒంటి మీద నంబరు లేని రెంచ్ మీ దగ్గరా ఉంటే, ఇంకో హెడ్ ముట్టుకునేముందు దానికి రాయి కట్టి చూడండి. బిల్లు, పెట్టె పారెయ్యకండి.