డబ్బా మీద "వి-8" అని తప్ప ఇంకేమీ రాయని హాట్ రాడ్ కిట్టు

ముందే చెప్పేస్తా, కిట్టు బాగుంది. ఐదుకి నాలుగు ఇస్తా. ఆ తగ్గిన ఒక్క మార్కూ ఎందుకంటే, లోపల ఏ ఇంజిన్ ఉందో కిట్టు ఎక్కడా చెప్పదు.

ఇది 1/25 స్కేల్‌లో, అంటే అసలు కారులో ఇరవై ఐదో వంతు సైజులో, ముక్కలు అతికించి చేసుకునే ప్లాస్టిక్ బొమ్మ కారు కిట్టు. 1929 ఫోర్డ్ మోడల్ ఎ రోడ్‌స్టర్ బాడీని 1932 ఫోర్డ్ ఫ్రేమ్ మీద కూర్చోబెట్టిన హాట్ రాడ్. తయారు చేసిన కంపెనీ పేరు వద్దులెండి, ఇంత చిన్న విషయానికి వాళ్ళని రోడ్డు మీదకి లాగడం నాకిష్టం లేదు. డబ్బా మీద "వి-8 ఇంజిన్" (ఎనిమిది సిలిండర్లు రెండు వరుసల్లో V ఆకారంలో ఉండేది) అని పెద్ద అక్షరాలతో ఉంది. లోపలి షీట్‌లో "ఇంజిన్ ఎడమ సగం, ఇంజిన్ కుడి సగం" అని, పక్కన నంబర్లు. అంతే.

మామూలు కారు కిట్టయితే ఇది సమస్యే కాదు, కారు పేరు చూస్తే ఇంజిన్ తెలిసిపోతుంది. హాట్ రాడ్ అలా కాదు కదా. కాలిఫోర్నియా కుర్రాళ్ళు చవగ్గా దొరికే పాత ఫోర్డు కొని, ఫెండర్లు, హుడ్డు పీకేసి బరువు తగ్గించి, అందులో చేతికందిన పెద్ద ఇంజిన్ దించేవాళ్ళు, అది క్యాడిలాక్‌దైనా, క్రైస్లర్‌దైనా. బాడీ ఫోర్డ్‌ది కాబట్టి ఇంజినూ ఫోర్డ్‌దే అనుకుంటే బోల్తా పడ్డట్టే.

"ఏదైతే ఏంటండీ, అతికించేయండి" అంది మా ఆవిడ. అలా కుదరదు. షెవీ (షెవ్రొలే) అయితే బ్లాకుకి, అంటే ఇంజిన్ మొండేనికి, నారింజ రంగు వెయ్యాలి, బ్యూక్ అయితే ఆకుపచ్చ. పైగా హుడ్డు లేని కారు, ఇంజిన్ మొత్తం బయటే ఉంటుంది, తప్పు రంగు వేస్తే తెలిసినవాడు పది అడుగుల దూరం నుంచే పట్టేస్తాడు.

మా తెనాలిలో ఒక మెకానిక్ ఉండేవాడు, వీధి చివర బండి చప్పుడు వింటే చాలు ఏ బండో చెప్పేసేవాడు. ఇక్కడేమో ఇంజిన్ అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది, చప్పుడు లేదు, ఉన్నదల్లా ఆకారం. సరే, ఆకారంతోనే మొదలుపెట్టా.

మొదట ఫోర్డ్ ఫ్లాట్‌హెడ్‌ని జాబితాలోంచి కొట్టేశా. 1932లో వచ్చిన ఆ వి-8కి వాల్వులు బ్లాకులోనే ఉంటాయి, అందుకే పైన వాల్వ్ కవర్లే (వాల్వుల మీది మూతలు) ఉండవు, చదునైన హెడ్డు (సిలిండర్ల పైభాగం) ఉంటుంది. నా క్రోమ్ స్ప్రూ (విడిభాగాలు అంటుకుని వచ్చే ప్లాస్టిక్ చట్రం) మీద రెండు వాల్వ్ కవర్లు ఉన్నాయి, కథ అయిపోయింది. తర్వాత డిస్ట్రిబ్యూటర్, అంటే స్పార్క్ ప్లగ్గులకి కరెంటు పంచేది. ఇది వెనక, ఫైర్‌వాల్ వైపు కూర్చుంటోంది. ఫోర్డ్ 289, 302 (ఇవి ఘనపు అంగుళాల్లో ఇంజిన్ సైజులు) లాంటి వాటికి ముందుంటుంది కాబట్టి అవీ పోయాయి. క్రైస్లర్ హెమీ అయితే వాల్వ్ కవర్లు బాగా వెడల్పుగా ఉంటాయి, స్పార్క్ ప్లగ్గులు కవర్ నడుమ నుంచే దిగుతాయి. నా కవర్లు సన్నగా ఉన్నాయి, పైన ప్లగ్గుల జాడే లేదు. (హెమీ వచ్చినవాళ్ళకి ఒక చిట్కా: డిస్ట్రిబ్యూటర్ వెనక ఉంటే 1950లలోని పాత రకం, ముందుంటే 1964లో వచ్చిన 426.)

మిగిలింది చిన్న షెవీ అనుకున్నా. 1955లో 265 ఘనపు అంగుళాలతో మొదలైన ఆ ఇంజిన్ లేని హాట్ రాడ్ దొరకడమే కష్టం, డిస్ట్రిబ్యూటర్ కూడా వెనకే. దానికి నడిమి రెండు ఎగ్జాస్ట్ రంధ్రాలూ పక్కపక్కనే ఉంటాయి, అది చూస్తే తేలిపోయేది, కానీ ఈ కిట్టులో హెడర్ (ఎగ్జాస్ట్ గొట్టాల గుత్తి) ఒకే ముక్కగా పోసి హెడ్డుకి పలకలా అంటించేశారు, రంధ్రాలే కనపడవు. నారింజ రంగు సీసా మూత తీసేశా కూడా.

ఆగింది ఒక్కదానివల్ల. వి-8 అన్నాక రెండు హెడ్లూ చెరోవైపు వాలి ఉంటాయి, వాటితోపాటు వాల్వ్ కవర్లూ వాలాలి. ఇవి వాలట్లేదు. డ్రై ఫిట్ చేసి, అంటే జిగురు లేకుండా పెట్టి, ముందు నుంచి చూస్తే రెండూ గిన్నె మీద మూత పెట్టినంత బల్లపరుపుగా ఉన్నాయి. నేనే తిరగేసి పెట్టానేమోనని రెండుసార్లు తీసి పెట్టా. దానికి తోడు డీకాల్ షీట్ మూలన ఎయిర్ క్లీనర్‌కి చిన్న స్టిక్కర్, భూతద్దంలో చూస్తే "445" అని మాత్రం చదవగలిగా. 445 ఘనపు అంగుళాల ఇంజిన్ కోసం రెండు రాత్రులు వెతికా, దొరకలేదు.

నేనుండేది మిషిగన్‌లో, ట్రాయ్‌లో. ఆగస్టు మూడో శనివారం ఇక్కడ వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్ జరుగుతుంది, 1995 నుంచీ ఉంది, వుడ్‌వర్డ్ అవెన్యూ పొడవునా పాత కార్ల తిరనాళ్ళే. మావాడిని తీసుకుని రాయల్ ఓక్ దగ్గర నిలబడ్డా. ఒక పెద్దాయన నల్ల రోడ్‌స్టర్ ఆపుకుని పక్కన మడత కుర్చీలో కూర్చున్నారు, ఇంజిన్ మీద అవే బల్లపరుపు మూతలు! ఫోన్‌లో నా కిట్టు ఫోటో చూపించా. ఆయన కళ్ళజోడు కూడా పెట్టుకోకుండా "నెయిల్‌హెడ్" అన్నారు. బ్యూక్ వాళ్ళు 1953లో 322 ఘనపు అంగుళాలతో తెచ్చిన వి-8. వాల్వులు చిన్నవి, మేకుల్లా కనిపిస్తాయి, అందుకని ఆ ముద్దుపేరు. అవి నిటారుగా నిలబడతాయి కాబట్టే పైన కవర్ వాలకుండా ఉంటుంది. ఇంజిన్ సన్నం కావడంతో ఇరుకు ఫోర్డ్ ఫ్రేమ్‌లో సుఖంగా సర్దుకుంటుందట. మరి 445? అది ఇంజిన్ సైజు కాదు, టార్కు, అంటే తిప్పే బలం! 401 ఘనపు అంగుళాల ఇంజిన్‌కి 445 పౌండ్-అడుగుల టార్కు ఉండేది, బ్యూక్ వాళ్ళు ఎయిర్ క్లీనర్ మీద "వైల్డ్‌క్యాట్ 445" అని దాన్నే రాసుకునేవాళ్ళు. ఇంజిన్ తయారైంది ఫ్లింట్‌లో, మా ఇంటికి గంట లోపే. పక్కూరి ఇంజిన్ కోసం నేను ఊళ్ళన్నీ వెతికానన్నమాట.

ఇక కొలిచి చూస్తే 322కీ 401కీ తేడా పట్టుకోగలమా అంటే, లేదు. ఈ స్కేల్‌లో అంగుళం అంటే దాదాపు మిల్లీమీటరు, రెండింటి బోర్‌లో (సిలిండర్ వ్యాసంలో) తేడా 0.2 మిల్లీమీటరు కూడా రాదు, అదీ బ్లాకు లోపల. స్టిక్కర్ ఉంది కాబట్టి 401 అని ఫిక్సయ్యా, ఆకుపచ్చ వేశా. షీట్‌లో ఆ ఒక్క పదం రాసుంటే నాకు మూడు వారాలు మిగిలేవి. అయితే ఆ పెద్దాయన పరిచయం అయ్యేవారు కాదనుకోండి.

మిగతాది త్వరగా చెప్తా. అచ్చు శుభ్రంగా ఉంది, బాడీ మీద అతుకు గీతలు తక్కువే. క్రోమ్ మరీ మందం, కవర్ల మీది గీతలు మూసుకుపోయాయి. నేను బ్లీచ్‌లో వేసి తీసేసి అల్యూమినియం రంగు కొట్టా, చాలా నయం. డిస్ట్రిబ్యూటర్ మూత నున్నగా ఉంది, ఎనిమిది ప్లగ్గులకీ ఒక కాయిల్‌కీ కలిపి తొమ్మిది రంధ్రాలు మీరే వేసుకోవాలి. అసలు వైరు 7 మిల్లీమీటర్లు ఉంటుంది, కాబట్టి 0.3 తీగ సరిపోతుంది. టైర్లు మెత్తటి రబ్బరు, వాటికి వంక లేదు.

ఒక్క జాగ్రత్త. షీట్‌లోని వరుసలోనే వెళ్తే ఫ్యాన్ రేడియేటర్‌కి తగులుతుంది. ఇంజిన్ మౌంట్లు అతికించేముందు రేడియేటర్ పెట్టి చూసుకుని, ఇంజిన్‌ని ఒక మిల్లీమీటరు వెనక్కి జరపండి. నేను అతికించేశాక చూశా, ఫ్యాన్ రెక్కలు రెండు కోసెయ్యాల్సొచ్చింది.