వెనకాల ఎఫ్ లేని ప్రాసెసర్‌తో మూడేళ్లు

కోర్లెన్ని, స్పీడెంత అనేవి ఇందులో రాయడం లేదు. ఆ లెక్కలు డబ్బా మీదే ఉంటాయి. నేను రాసేదల్లా ఆ డబ్బా మీద మోడల్ నంబరు చివర ఉండే ఒక్క అక్షరం గురించి. ఒక మాఘమాసం సీజనంతా నాకు నిద్ర లేకుండా చేసింది అదే.

నాది కావలి. పెళ్లి వీడియోల మిక్సింగ్ నా పని. ఖాళీ దొరికితే అదే గదిలో మైకు పెట్టి వాయిస్ ఓవర్లు, భజన పాటలు రికార్డు చేస్తుంటాను. 2022 వేసవిలో పాత మెషీన్ తీసేసి ఇంటెల్ ఐ7-12700ఎఫ్‌తో కొత్తది కట్టించాను. నెల్లూరులో కొన్నాను. "గ్రాఫిక్స్ కార్డు ఎట్టాగూ ఏస్తా ఉండావు కదన్నా, లోపల ఇంకోటి ఎందుకు? రెండు వేలు దండగ" అన్నాడు షాపులో కుర్రాడు. నాకూ న్యాయంగానే అనిపించింది. ఎఫ్ అంటే ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ భాగం పనిచేయదని అర్థం. మిగతాదంతా మామూలు 12700 లాంటిదే. గేములు ఆడేవాడికైతే ఆ కుర్రాడి సలహా నిజంగా మంచిదే. వాడు నన్ను మోసం చేశాడని ఇప్పటికీ అనను.

మొదటి ఆరు నెలలు ఆ మెషీన్ గురించి ఊరంతా చెప్పుకుని తిరిగాను. అప్పటి మా కెమెరాలు 8 బిట్, 4:2:0లో (వీడియోలో రంగుల వివరం ఎంత దాస్తారో చెప్పే లెక్కలివి) తీసేవి కాబట్టి ఏ ఇబ్బందీ రాలేదు. మాఘం ముహూర్తాలకు ముందు మా కెమెరామన్ కొత్త కెమెరా కొని, 10 బిట్, 4:2:2, హెచ్.265లో (ఇది వీడియోను కుదించి దాచే ఒక పద్ధతి) తీయడం మొదలుపెట్టాడు. తప్పేం లేదు. 4:2:0తో పోలిస్తే 4:2:2లో రంగుల సమాచారం రెండింతలు ఉంటుంది. మండపంలో లైట్ల కింద వెంకటగిరి చీర జరీ అంచు కలర్ సరిచేసేటప్పుడు ఆ తేడా కళ్లకు కనిపిస్తుంది.

మొదటి పెళ్లి ఫుటేజీ టైమ్‌లైన్ మీద వేశాను. జీలకర్ర బెల్లం ఘట్టం, మూడు కెమెరాలు. ప్లే నొక్కితే నాదస్వరం, డోలు నిక్షేపంగా వినిపిస్తున్నాయి. బొమ్మ మాత్రం పెళ్లికొడుకు చెయ్యి గాల్లో ఉండగా ఆగిపోయింది. ఆ చెయ్యి పెళ్లికూతురి తల మీదికి చేరేసరికి మేళం ఆగి, అయ్యవారు తర్వాతి మంత్రంలో ఉన్నారు. ఫ్యాను మాత్రం పిండిమరలా తిరుగుతోంది.

ఇక ప్రాక్సీలు తప్పలేదు. అంటే ప్రతి క్లిప్పుకీ ఒక తేలికపాటి కాపీ తయారు చేసుకుని దాని మీద ఎడిటింగ్ చేయడం. ఒక పెళ్లి ప్రాక్సీలకే రాత్రంతా పట్టేది. ఉదయం లేచి చూస్తే సగంలో కరెంటు పోయి ఉండేది. పెళ్లికూతురి నాన్న రోజూ ఫోను: "ఏందబ్బయా, క్యాసెట్టు ఇంకా కాలేదా?" ఆయనకు పెన్‌డ్రైవ్ ఇచ్చినా అది క్యాసెట్టే.

ఒంగోలులో మిక్సింగ్ చేసే అన్న ఒకాయన ఫోన్లో రోగం కనిపెట్టాడు. టాస్క్ మేనేజర్ తెరిచి, గ్రాఫిక్స్ కార్డు కింద వీడియో డీకోడ్ (అంటే కుదించిన వీడియోను విప్పే పని) అనే గ్రాఫ్ చూడమన్నాడు. ప్లే అవుతున్నంతసేపూ అది సున్నా దగ్గరే ఉంది. ప్రాసెసర్ మాత్రం నూటికి నూరు. "నీ కార్డుకు 4:2:2 విప్పడం రాదురా. ఇంటెల్ 11వ తరం నుంచి లోపలి గ్రాఫిక్స్‌లో ఆ విద్య ఉంది, క్విక్ సింక్ అంటారు. నువ్వు రెండు వేలు మిగుల్చుకుని దాన్నే వదిలేశావు" అన్నాడు. ఎన్విడియా కార్డులకు ఆ పని 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌తోనే వచ్చింది. అప్పటికి నా 12 జీబీ కార్డు ఎంత పెద్దదైతే ఏం లాభం?

చెన్నై రైలెక్కి, రిచీ స్ట్రీట్‌లో ఎఫ్ లేని ఐ7-12700 కొన్నాను. పాతదాన్ని గేములాడే కుర్రాడికి నాలుగు వేలు నష్టానికి అమ్మాను. ఇంటికొచ్చి కూలర్ కింద వేడి లాగే పాత పేస్టు తుడిచి, కొత్తది రాసి, బిగించి, దేవుడికి దణ్ణం పెట్టుకుని ప్లే నొక్కాను.

మళ్లీ చెయ్యి గాల్లోనే ఆగింది.

రెండు రోజులు నేను ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. నకిలీ సరుకు అంటగట్టారా అని డబ్బా తిప్పి తిప్పి చూశాను, ఎఫ్ లేదు. మూడో రోజు ఒంగోలు అన్నకు మళ్లీ ఫోన్ చేస్తే ఆయన నవ్వాడు. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే చాలా మదర్‌బోర్డులు లోపలి గ్రాఫిక్స్‌ని వాటంతట అవే నిద్రపుచ్చుతాయట. బయోస్‌లోకి, అంటే మదర్‌బోర్డు సెట్టింగుల్లోకి వెళ్లి ఐజీపీయూ (లోపలి గ్రాఫిక్స్) మల్టీ మానిటర్ అనే వరస ఎనేబుల్ చేయాలి. చేశాను. ఇంటెల్ గ్రాఫిక్స్ డ్రైవరు వేసి తెరిస్తే టాస్క్ మేనేజర్‌లో జీపీయూ 0, జీపీయూ 1 అని రెండు కనిపించాయి. నేను ఎడిటింగ్ చేసే ప్రీమియర్ సాఫ్ట్‌వేర్ ప్రిఫరెన్సెస్‌లో హార్డ్‌వేర్ డీకోడింగ్ దగ్గర ఇంటెల్‌కు టిక్ పెట్టి ప్లే నొక్కితే, మూడు కెమెరాలూ కలిసి డోలు దెబ్బకు దెబ్బ సరిపోయేలా నడిచాయి. జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ, తలంబ్రాలు, ఆపకుండా చూస్తూ కూర్చున్నాను. కన్నీళ్లొచ్చాయంటే మా ఆవిడ ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది.

ఆ రోజు నుంచి ఈ మూడేళ్లలో నేను కట్ చేసిన పెళ్లిళ్లలో చాలావాటికి ప్రాక్సీ జోలికే పోలేదు.

చాలావాటికి అన్నాను, అన్నింటికీ కాదు. నిరుడు ఒక పెళ్లికి రెండో కెమెరా వేరేవాళ్లది. వాళ్లు కూడా 10 బిట్, 4:2:2లోనే తీశారు, కానీ హెచ్.264లో. అది నా క్విక్ సింక్‌కు రాదు, గ్రాఫ్ మళ్లీ సున్నా. ఆ వారం మళ్లీ ప్రాక్సీలే. అప్పట్నుంచి బయటి కెమెరామెన్‌కు అడ్వాన్సు ఇవ్వకముందే "హెచ్.265 పెట్టు అబ్బయా" అని చెప్పేస్తున్నాను. నాయిస్ తగ్గించడం, భారీ కలర్ గ్రేడింగ్ లాంటివాటికి ఈ విద్య ఎందుకూ పనికిరాదు, అదంతా గ్రాఫిక్స్ కార్డు మోయాల్సిందే. ఎక్స్‌పోర్టు కూడా దీంతో చకచకా అయిపోతుంది గానీ, ఫైలు సైజు బాగా తగ్గించాలంటే మాత్రం ప్రాసెసర్ కోర్లతో నిదానంగా చేసిన రెండరే (చివరి వీడియో ఫైలు తయారీ) శుభ్రంగా ఉంటోంది. పూలదండల దగ్గర ఆ తేడా తెలుస్తుంది.

వేడి సంగతి కూడా చెప్పాలి. ఈ ప్రాసెసర్ డబ్బా మీద 65 వాట్లు అని ఉంటుంది. కానీ పూర్తి ఊపులో 180 వాట్ల దాకా తాగగలదు. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో, ఏసీ లేని నా గదిలో, డబ్బాలో వచ్చిన చిన్న కూలర్‌తో అదెలా ఉంటుందో మీరే ఊహించుకోండి. పెద్ద కూలర్ వేశాను. అయినా వాయిస్ ఓవర్ తీసేటప్పుడు ఫ్యాను హోరు మైకులో పడేది. చివరికి బయోస్‌లో పవర్ లిమిట్ 95 వాట్లకు కుదించాను. రెండర్లు కాస్త ఆలస్యమయ్యాయి, గది మాత్రం ప్రశాంతంగా ఉంది. అన్నట్టు, కరెంటు పోతే యూపీఎస్ గిలగిలా కొట్టుకోవడం కూడా తగ్గింది.

ఆడియోకు ఇంత రాద్ధాంతం అక్కర్లేదు. ఒక ట్రాక్ మీద వేసిన ఎఫెక్టులన్నీ మామూలుగా వరసగా ఒకే కోర్ మీద నడుస్తాయి కాబట్టి కోర్ల సంఖ్య కన్నా ఒక్కో కోర్ చురుకుదనం ముఖ్యం. 48 కిలోహెర్ట్జ్‌లో 128 శాంపుల్స్ బఫర్ (శబ్దాన్ని కాసేపు ఆపి పంపే చిన్న నిల్వ) పెడితే ఆ ఆలస్యం దాదాపు 2.7 మిల్లీసెకన్లు. పాడేవాళ్లకు హెడ్‌ఫోన్లో గొంతు వెనకబడినట్టు అనిపించలేదు. మొదట్లో టప్ టప్‌మని శబ్దాలొచ్చేవి. వైఫై ఆపి, పవర్ ప్లాన్ హై పెర్ఫార్మెన్స్‌కు మార్చాక పోయాయి. పాటల పని ఒక్కటే అయితే ఇంతకన్నా చిన్న ఐ5 సరిపోయేది, ఎఫ్ ఉన్నా పర్వాలేదు.

అందుకే దీన్నే కొనమని ఎవరికీ చెప్పను. నాకు పనికొచ్చింది, మా కెమెరామన్ అలా తీస్తాడు కాబట్టి, 50 సిరీస్ కార్డుకు నా దగ్గర డబ్బుల్లేవు కాబట్టి. మీది 8 బిట్, 4:2:0 అయితే ఈ గొడవంతా మీకు అక్కర్లేదు.

మొన్న కందుకూరు నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేసి ఏ ప్రాసెసర్ కొనాలన్నాడు. మీ కెమెరాలో రికార్డింగ్ ఫార్మాట్ ఏంటో చెప్పమన్నాను. కెమెరామన్‌ను అడిగి చెప్తానన్నాడు. ఇంకా చెప్పలేదు.