జిప్సం బోర్డు పనికి ఆ మడత రంపం టూల్ కొనబోతున్నారా? ఆగండి

నారింజ రంగు పిడి, ‘12 పనులకు ఒకటే టూల్’. ఆన్‌లైన్‌లో చూసే ఉంటారు. కొనకండి. కొన్న తెలివైనవాణ్ని నేనొక్కణ్ని చాలు.

స్విచ్ బాక్సుకి 12.5 మి.మీ. బోర్డులో కన్నం పెట్టాలి, అంతే పని. మొన ఆనించి పిడి వెనక అరచేత్తో రెండు దెబ్బలు వేస్తే రంపం దిగాలి. రెండో దెబ్బకి లాక్ వదిలేసి బ్లేడు వేళ్ల మీదికి మడుచుకుంది. గ్లవ్ చిరిగింది, వేలు దక్కింది.

ఫొటోలు పంపితే సెల్లర్ జవాబు: ‘సార్, బోర్డులో గుచ్చడం మిస్‌యూజ్ కిందికి వస్తుంది, వారంటీ రాదు.’ డబ్బా మీద బొమ్మేంటో తెలుసా? ఇదే రంపం, జిప్సం బోర్డులో సగందాకా దిగి! ఆ బొమ్మే ఫొటో తీసి పంపాను. ‘అది డిజైన్ కోసం వేసింది సార్’ అని, పక్కన ఒక దండం ఎమోజీ. చాట్ క్లోజ్. ఆ దండం దగ్గరే నాకు మండింది.

తప్పు నాదీ ఉంది. కీలు కనబడగానే పక్కన పడేయాల్సింది. కోసేటప్పుడు పళ్ల మీద పడే ఒత్తిడి బ్లేడుని తెరుచుకునే వైపే నెడుతుంది, అందుకే చేతిలో ఊపి చూస్తే గట్టిగానే అనిపిస్తుంది. గుచ్చేటప్పుడు కాస్త వాలితే బలం బ్లేడు వీపు మీదికి వస్తుంది, ఇక ఆపాల్సింది ఆ రేకుముక్క లాక్ ఒక్కటే.

మిగతా 11 పనుల సంగతీ అంతే. కత్తికి బ్లేడు మార్చే వీలు లేదు. జిప్సం అంచుని ఇట్టే మొద్దుబారుస్తుంది, ఆ తర్వాత బోర్డు మీద అంటించి ఉండే కాగితం తెగదు, పీచుపీచుగా లేస్తుంది. ఆకురాయికి పొడి రాలిపోయే కన్నాలు లేవు, నాలుగు రుద్దులకే పొడి పట్టేసి నున్నగా జారుతోంది. స్క్రూడ్రైవర్ ప్లస్ మొన పీహెచ్1 సైజు (చిన్నది), బోర్డు స్క్రూలకి కావాల్సింది పీహెచ్2. జారి స్క్రూ తల పక్కన కాగితం చింపింది. కాగితం చిరిగాక ఆ స్క్రూకి పట్టు ఉండదు, తీసేసి రెండంగుళాల అవతల ఇంకోటి వేసుకోవాలి.

కొనాలనుకుంటే పిడి చివరిదాకా ఒకే ఉక్కు బద్ద ఉన్న రంపం, స్నాప్ బ్లేడు కట్టర్ (మొద్దుబారిన ముక్క విరిచేసి వాడే కత్తి) విడివిడిగా తీసుకోండి. కలిపి ఉన్నదే కావాలంటే పెయింటర్లు వాడే 6-ఇన్-1 గీకుడు రేకు నయం, దానికి కీలే లేదు. ఏది కొన్నా డబ్బా తెరిచేటప్పుడు వీడియో తీసుకోండి, డబ్బా మీది బొమ్మతో సహా.