గోడకు తగిలించే అనిరాయిడ్ బారోమీటర్: నా రివ్యూ

ఫోన్‌లో వాతావరణం యాప్ ఉండగా, గాలి పీడనం కొలిచే ఈ బారోమీటర్ ఎందుకని మా అబ్బాయి అడిగాడు. యాప్ చెప్పేది అంచనా. ఇది చూపించేది ఇప్పుడు, ఇక్కడ, మన మీద ఉన్న గాలి బరువు. నేను కొన్నది అందుకే.

బ్యాటరీ అక్కర్లేదు. అనిరాయిడ్ అంటే ద్రవం లేనిది. లోపల, గాలి దాదాపు పూర్తిగా తీసేసిన పల్చటి లోహపు డబ్బీ ఉంటుంది. పీడనం పెరిగితే అది అణుగుతుంది, తగ్గితే ఉబ్బుతుంది. వెంట్రుకవాసి కదలికే అయినా, మీటలు దాన్ని పెద్దది చేసి ముల్లును తిప్పుతాయి. 1844లో ఫ్రెంచ్ ఆవిష్కర్త లూసియన్ విడీ పేటెంట్ తీసుకున్న పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది.

తగిలించే ముందు వెనకున్న స్క్రూతో, మన ఊరి ఎత్తుకు తగ్గట్టు ముల్లును సరిచేసుకోవాలి. సముద్రమట్టం దగ్గర సగటు పీడనం 1013 హెక్టోపాస్కల్స్ (పీడనాన్ని కొలిచే ప్రమాణం). సుమారు 8 మీటర్లు పైకెళ్తే ఒక హెక్టోపాస్కల్ తగ్గుతుంది. ఎత్తైన ఊళ్లో ఈ పని చేయకపోతే ముల్లు ఎప్పుడూ తుఫాను వైపే చూపిస్తుంది!

డయల్ మీద రాసిన ‘వాన’, ‘పొడి’ మాటల్ని పట్టించుకోకండి. ముల్లు ఎటు, ఎంత వేగంగా కదులుతోందన్నదే ముఖ్యం. ఉష్ణమండలంలో పీడనం రోజూ రెండుసార్లు పెరిగి తగ్గుతుంది. ఉదయం పది ప్రాంతంలో ఎక్కువగా, సాయంత్రం నాలుగు ప్రాంతంలో తక్కువగా ఉంటుంది. అది మామూలే, టెన్షన్ పడక్కర్లేదు. ఆ లయ చెడి, గంటగంటకూ దిగుతూనే ఉంటే మాత్రం అల్పపీడనం దగ్గరికొస్తున్నట్టు.

కింద అతికించిన తేమ మీటర్ మాత్రం దండగ. జోరువానలోనూ కదల్లేదు.