‘లింక్ చేశాం సార్’ అన్న మాట విలువెంత?

నాది డల్లాస్ నుంచి హైదరాబాద్ వచ్చి మళ్ళీ డల్లాస్ వెళ్ళే టికెట్. అమ్మానాన్నలది హైదరాబాద్ నుంచి డల్లాస్ వచ్చి మళ్ళీ హైదరాబాద్ వెళ్ళే టికెట్. మే నెలాఖరులో పిన్ని కూతురి పెళ్ళికి నేను వెళ్ళి, జూన్ మొదటి వారంలో వాళ్ళిద్దరినీ వెంటబెట్టుకుని రావాలి. విమానం ఒకటే, మధ్యలో దిగి మారే చోటూ ఒకటే. కానీ ప్రయాణం మొదలయ్యే ఊరు వేరు, తిరుగు ప్రయాణం తేదీ వేరు. అందుకని ముగ్గురినీ ఒకే బుకింగులో పెట్టడం కుదరదు. అమెరికాలో ఉండి తల్లిదండ్రుల్ని తెచ్చుకునే వాళ్ళలో చాలామందికి ఇదే తంటా.

ఆఫీసు పని మీద తిరిగి తిరిగి సంపాదించుకున్న ఎయిర్‌లైన్స్ గోల్డ్ కార్డు నాకుంది. అమ్మకు క్రితంసారి వచ్చినప్పుడు తీసిన మామూలు సభ్యత్వం ఉంది, అందులో ఉన్న పాయింట్లకు ఒక కాఫీ కూడా రాదు. నాన్నకు అదీ లేదు. ‘ఆ కార్డులన్నీ నాకెందుకురా’ అన్నారు. ఈ ముగ్గురినీ ఒక కుటుంబంగా చూడమని ఎయిర్‌లైన్స్‌ను అడగడం, వాళ్ళు ‘లింక్ చేశాం’ అనడం, ఆ లింకు చివరిదాకా ఎంతవరకు పనిచేసింది అన్నదే ఈ రివ్యూ. ఎయిర్‌లైన్స్ పేరు రాయను. మిగతావి కూడా ఇంతకంటే గొప్పగా ఏమీ లేవని తిరిగినవాళ్ళు చెబుతున్నారు.

మొదటి ఫోన్ ఏప్రిల్‌లో చేశాను. నలభై నిమిషాలు పాట వినిపించాక ఒకబ్బాయి పలికాడు. నా పీఎన్నార్ చెప్పాను, అమ్మానాన్నలది చెప్పాను. రెండోది తమ సిస్టంలో లేదన్నాడు. స్పెల్లింగ్ మూడుసార్లు చెప్పాను. బీ ఫర్ బాంబే అని ఒకసారి, బీ ఫర్ బ్రేవో అని ఇంకోసారి. లేదు అంటే లేదు. టెన్షన్ మొదలైంది, డబ్బు కట్టిన టికెట్లు ఏమైపోయాయని.

తర్వాత తెలిసింది, తప్పు ఎవరిదీ కాదు. ఆ టికెట్లు అమీర్‌పేటలో ఒక ట్రావెల్ ఏజెంటు దగ్గర కొన్నవి. మనిషి ముఖం చూడకుండా లక్షలు కట్టడం నాన్నకు ఇష్టం ఉండదు. ఏజెంట్లు వాడే అమేడియస్, సేబర్, గెలీలియో లాంటి సిస్టంలు తమ లెక్కలో ఒక ఆరక్షరాల కోడ్ ఇస్తాయి. ఎయిర్‌లైన్స్ తన లెక్కలో ఇంకో ఆరక్షరాల కోడ్ పెట్టుకోవచ్చు. ఏజెంటు నాకు పంపిన కాగితంలో పైన పెద్ద అక్షరాల్లో ఉన్నది మొదటిది, కింద చిన్న అక్షరాల్లో ‘ఎయిర్‌లైన్ రెఫరెన్స్’ అని ఉన్నది రెండోది. ఫోన్లో చెప్పాల్సింది ఆ చిన్న అక్షరాలది. కోడ్ దొరక్కపోతే 13 అంకెల టికెట్ నంబరు చెప్పినా బుకింగ్ తెరుచుకుంటుంది. ఈ ఒక్క ముక్క ఆ అబ్బాయి చెప్పి ఉంటే నాకు ఒక పూట మిగిలేది.

రెండో ఫోన్లో ఒకమ్మాయి రెండు నిమిషాల్లో ‘లింక్ చేశాం సార్’ అంది. రుజువు ఏమిటన్నాను. రుజువంటూ ఏమీ రాదట. ఈమెయిల్ రాదు, యాప్‌లో కనిపించదు. పది రోజులాగి అనుమానంతో మూడోసారి చేస్తే, ఆ నోట్ తమకు కనపడటం లేదని ఇంకొకాయన అన్నాడు. ‘ఎయిర్‌పోర్టులో చెప్పండి సార్, చూసుకుంటారు’ అని సలహా కూడా ఇచ్చాడు. కాల్ సెంటర్‌కు అయిదుకు ఒకటిన్నర ఇస్తాను. ఆ అర మార్కు రెండోసారి మాట్లాడిన అమ్మాయి మర్యాదకు.

చివరికి పని అయింది అమీర్‌పేటలో. ఏజెంటు గారికి వాట్సాప్‌లో నా పీఎన్నార్ పంపి ‘కొంచెం లింక్ చేయించగలరా’ అని అడిగాను. పావుగంటలో జవాబు: ‘టీసీపీ వేశాను సార్. మీ బుకింగ్ వెబ్‌సైట్‌లో కొన్నది కాబట్టి అటువైపు మాత్రం ఎయిర్‌లైన్స్ వాళ్ళే వేయాలి.’ టీసీపీ అంటే ‘టు కంప్లీట్ పార్టీ’, అంటే ఈ గుంపులో మిగతావాళ్ళు ఫలానా బుకింగులో ఉన్నారు అని చెప్పే ఒక వాక్యం. బుకింగులో ఓఎస్ఐ అనే వరసలో దాన్ని టైప్ చేస్తారు. అంతే. నాలుగో ఫోన్లో నేను ‘లింక్ చేయండి’ అనలేదు. ‘ఓఎస్ఐలో టీసీపీ వేసి, వేసిన వాక్యం నాకు చదివి వినిపించండి’ అన్నాను. అవతల గొంతు ఒక్కసారిగా మారింది. ‘మీరు ట్రావెల్స్‌లో చేస్తారా సార్?’ అని అడిగాడు.

ఇదంతా విని నాన్న నవ్వారు. ఆయన రైల్వేలో బుకింగ్ క్లర్క్‌గా చేసి రిటైరయ్యారు. రైల్వేలో 2019 ఏప్రిల్ నుంచి రెండు పీఎన్నార్లు లింక్ చేసుకోవచ్చు. మొదటి రైలు ఆలస్యమై రెండోది తప్పిపోతే, ప్రయాణించని భాగానికి డబ్బు తిరిగి వస్తుంది. ‘మా లింకుకు ఒక హక్కు ఉందిరా. మీ లింకుకు ఏముంది? పక్కింటావిడకు చెప్పి వెళ్ళినట్టు ఉంది’ అన్నారు. అక్కడ ఒకే మనిషి రెండు రైళ్ళు, ఇక్కడ ఒకే విమానం వేరు వేరు మనుషులు, రెండూ ఒకటి కాదు నాన్నా అని వాదించాను గానీ ఆయన అన్నదే నిజం. టీసీపీ ఒక చీటీ. ముడి కాదు. రెండు బుకింగులూ రెండుగానే ఉంటాయి. ఒక బుకింగును రెండుగా విడదీయగలరు గానీ, వేరుగా పుట్టిన రెండింటిని ఒకటి చేయడం వాళ్ళ సిస్టంలోనే లేదు.

చీటీ వల్ల కార్డు గొప్పతనం కూడా అటు ప్రవహించదు. నాకు సీటు ఎంపిక ఉచితం, అమ్మానాన్నల రెండు సీట్లకు డబ్బు కట్టాను. ఒకే బుకింగులో ఉంటే ఒక్కరి కార్డు పుణ్యాన అందరికీ సీట్లు ఉచితంగా ఇచ్చే ఎయిర్‌లైన్స్ కొన్ని ఉన్నాయి. లింకు మీద మాత్రం ఇవ్వరు. అమెరికా లోపలి ఫ్లైట్లలో కథ కొంచెం వేరు. అక్కడ కార్డు ఉన్నవాళ్ళతో పాటు తోటి ప్రయాణికుడు ఒకరిని అప్‌గ్రేడ్ లిస్టులో, అంటే పై తరగతి సీటు కోసం ఎదురుచూసే వరసలో, కలిపే పద్ధతి ఉంది. బుకింగ్ వేరైతే ఫోన్ చేసి లింక్ చేయించుకోమని చెప్పే ఎయిర్‌లైన్స్ ఉన్నాయి, అక్కడ ఆ మాటకు విలువ ఉంది. ఎకానమీలో డల్లాస్ వెళ్ళే మాకు దానితో పనిలేదు.

అసలు పరీక్ష ప్రయాణానికి మూడు వారాల ముందు వచ్చింది. మొదటి విమానం టైము మార్చారు, రెండోది అందదు. మార్చిన వెంటనే వాళ్ళ కంప్యూటరు తనంతట తానే కొత్త విమానాలు ఇచ్చేసింది. నన్ను అదే రోజు ఇంకో దారిలో పంపింది. అమ్మానాన్నలను మర్నాటికి తోసింది. డెబ్బై దాటిన ఇద్దరు, ఇంగ్లీషు అంతంతమాత్రం, ఒకరికి వీల్‌చైర్. నేనేమో వాళ్ళకంటే ఒక రోజు ముందే డల్లాస్‌లో దిగి వాళ్ళ కోసం ఎదురుచూస్తూ ఉంటాను! కంప్యూటరు చీటీలు చదవదని అప్పుడు అర్థమైంది. పుట్టిన ప్రతి బుకింగునూ అది విడిగానే చూస్తుంది.

కానీ మనిషి చదువుతాడు. ఫోన్ చేశాను. ఎత్తినావిడ నా బుకింగ్ తెరవగానే ‘మీతో పాటు ఇంకో ఇద్దరు ఉన్నారు కదా సార్, నోట్ ఉంది’ అని తనే అంది. నేను కథ మొదటి నుంచి చెప్పాల్సిన పని తప్పింది. మామూలుగా అయితే ఏజెంటు దగ్గర కొన్న టికెట్లు ముట్టుకోరు, ‘మీ ఏజెంటును అడగండి’ అంటారు. టైము మార్చింది వాళ్ళే కాబట్టి ఈసారి తీసుకున్నారు. ముగ్గురినీ మర్నాటి విమానాల్లో కలిపి కూర్చోబెట్టి, టికెట్లు రీఇష్యూ చేసేసరికి యాభై నిమిషాలు పట్టింది. ఈ యాభై నిమిషాల కోసమే ఆ చీటీ. మిగతా వాటికి ఆశపడకండి.

ఇక్కడ ఒక జాగ్రత్త. రీఇష్యూ అయ్యాక నాన్న వీల్‌చైర్ మాయమైంది. డబ్బు కట్టిన సీట్లు కూడా. కొత్త విమానాలకు పాత కోరికలు వాటంతటవే వస్తాయన్న నమ్మకం లేదు, ప్రతిదీ మళ్ళీ అడగాలి. వీల్‌చైర్ ఆ ఫోన్లోనే మళ్ళీ వేయించాను. సీట్ల డబ్బుకు రెండు ఈమెయిళ్ళు, పన్నెండు రోజులు.

శంషాబాద్ ఎయిర్‌పోర్టులో కౌంటరు వాళ్ళకు మాత్రం నాలుగు మార్కులు. గోల్డ్ లైనులోకి ముగ్గురం వెళ్ళాం. బోర్డు ప్రకారం ఆ లైను కార్డు ఉన్న నాకొక్కడికే. ఆ కుర్రాడు నాన్న వీల్‌చైర్ చూశాడు, రెండు బుకింగులూ తెరిచాడు, ఒక్క ప్రశ్న అడగలేదు. మా టికెట్ల మీద మనిషికి రెండు పెట్టెలు, ఒక్కోటి 23 కిలోలు. నా కార్డు మీద నాకు మూడోది. మొత్తం ఏడు. అమ్మ కొత్తావకాయ పెట్టిన పెట్టె 24.8 వచ్చింది, నాన్నది 19. ‘అన్నీ కలిపితే లెక్క సరిపోతుంది కదా బాబూ’ అని అమ్మ బతిమాలింది. పెట్టెల సంఖ్యలో కలపవచ్చేమో గానీ, బరువు ఏ పెట్టెకు ఆ పెట్టే. ఇంక అక్కడే నేల మీద కూర్చుని ఆవకాయ సీసా ఒకటి నాన్న బట్టల మధ్యకు మార్చాం. వెనకాల లైనులో సూటు వేసుకున్నాయన ఓపిగ్గా చూస్తూ, ‘ఏ ఊరి ఆవకాయండీ’ అని అడిగాడు. మూడో పెట్టె నా పేరు మీదే వేయించాను. అమ్మ పేరు మీద వేస్తే అదనపు పెట్టె కింద డబ్బు కట్టాల్సి వచ్చేది.

లాంజ్ దగ్గర ఇంకో చిక్కు. ఎయిర్‌లైన్స్ కూటముల్లో స్టార్ అలయన్స్ వాళ్ళ గోల్డ్ కార్డు అయినా, వన్‌వరల్డ్ వాళ్ళ సఫైర్ కార్డు అయినా వెంట తీసుకెళ్ళగలిగేది ఒక్కరినే. పీఎన్నార్ ఒకటా రెండా అన్నది లాంజ్ వాళ్ళకు పట్టదు, బోర్డింగ్ పాసులు చూస్తారు. మేము ముగ్గురం. ‘మీరిద్దరూ వెళ్ళి తినిరండి, నాకు కుర్చీ ఉందిగా’ అన్నారు నాన్న వీల్‌చైర్ చూపిస్తూ. ‘మీరూ వాడూ వెళ్ళండి’ అంది అమ్మ. అయిదు నిమిషాలు తలుపు దగ్గర ఈ మర్యాదలు నడిచాక ఎవరం వెళ్ళలేదు. గేటు దగ్గర కూర్చుని అమ్మ కట్టి తెచ్చిన పులిహోర తిన్నాం. ఇంత గోల్డ్ సంపాదించి పులిహోరేనా అనిపించింది గానీ, లాంజ్ ఇడ్లీ కంటే అదే నయం.

విమానం ఎక్కేటప్పుడు మొదట పిలిచింది వీల్‌చైర్ వాళ్ళని, వాళ్ళతో ఉన్నవాళ్ళని. గోల్డ్ వాళ్ళు ఆ తర్వాత. ఏ కార్డూ లేని నాన్న అందరికంటే ముందు వెళ్ళారు, ఆయన సంచి మోస్తూ నేను వెనకాల. కార్డు తీసే పనే పడలేదు.

ఇలాంటి టికెట్లు కొనేవాళ్ళకు ఇంకొక మాట. పీఎన్నార్, ఇంటిపేరు ఉంటే చాలు, ఎవరైనా వెబ్‌సైట్‌లో ఆ బుకింగ్ తెరిచి సీట్లు మార్చగలరు, చాలాచోట్ల రద్దు కూడా చేయగలరు. అందుకని లింకు కోసమని అది గ్రూపుల్లో పెట్టకండి, విడిగా పంపండి. రెండో బుకింగును మీ యాప్‌లో కలుపుకుంటే రెండూ పక్కపక్కన కనిపిస్తాయి, దాన్ని లింకు అనుకోకండి. అది మీ ఫోన్ సంగతి, వాళ్ళ సిస్టంకు దానితో సంబంధం లేదు.

నవంబరులో అమ్మానాన్నలు తిరిగి వెళ్తారు, నేను ఉండను. మా కాలనీ తెలుగు గ్రూపులో ‘డల్లాస్ నుంచి హైదరాబాద్, పెద్దవాళ్ళకు తోడు కావాలి’ అని పెట్టాను. ఒకావిడ దొరికారు, అదే విమానం. ఆవిడకు నాకంటే పై కార్డు ఉందట. అమీర్‌పేట ఏజెంటు గారికి మెసేజ్ పెడితే ఇప్పుడే జవాబొచ్చింది: ‘ఆ మేడం గారి ఎయిర్‌లైన్ రెఫరెన్స్ పంపండి సార్, చిన్న అక్షరాలది. టీసీపీ వేస్తాను.’